విషము లేని కొడవలి

రోహిణీకార్తె ప్రవేశించి నాలుగు దినములు గడచినను గగనమున మేఘశకలమైనను పొడసూపక చండభానుని ప్రచండకిరణజాలముచే నల్లరేగళ్లు నోళ్లు తెరచి బీటలువార గుట్టల మీది గుండ్లు పెనములవలె కాగుచుండ కాకులు సైతము తుమ్మకొమ్మల సందున రెక్కలు జారవిడిచి వగర్చుచున్న యొక పూర్వాహ్ణమున, పెన్నేటికి దక్షిణపు దిక్కున నున్న యొకానొక తాలూకా పట్టణపు ధర్మాసుపత్రి వసారాలో బండమీదిపల్లె ఓబుళప్ప నెత్తుట దడిసి యట్టలు గట్టిన తన పంచెను జూచుకొనుచు కూర్చుండి యుండెను. ఆ నెత్తురు అతడు చిందించినది కాదు. అట్టి దినములు అతని జీవితమున మిక్కిలి యరుదు.

అది అతని మనుమడు గవిరంగనిది. ఆరేండ్ల యా పసివాడు మొన్న సాయంకాలము మంచము మీదినుండి గడపరాతిపై బడి నాలుక కొరుకుకొనెను. గాయము నువ్వుగింజంత. ఇంటివారు పసుపు నద్దిరి, కాఫీపొడి నద్దిరి, దీపపు మసి నద్దిరి. రెండు రాత్రులు నొక పగలు కారి కారి బిడ్డ తెల్లని సున్నపుగోడవలె నైన పిదపగాని వారికి పట్టణము గుర్తునకు రాలేదు.

ఈ ఓబుళప్ప యెవ్వడనగా, ముప్పదియేండ్లుగా తన పేరు చెప్పి చుట్టుప్రక్కల తల్లులు బిడ్డలను నిద్రపుచ్చునట్టి ఘనకీర్తి సంపాదించినవాడు. ఆ కీర్తికి మూల మొక గీత. ముప్పదియేండ్ల క్రిందట గొర్రెలు సెనగచేలో బడినవన్న తగవులో కోటింటి కదిరప్ప విసరిన కొడవలి మొన ఓబుళప్ప తమ్ముడైన చెన్నప్ప ముంజేతిపై చిటికెనవ్రేలంత గీత గీచెను. పందొమ్మిదేండ్ల చెన్నప్ప నవ్వుచు ఇంటికి నడచివచ్చెను. ఆ నెత్తురు నాలుగుదినములు కట్టుగుడ్డలన్నింటిని ముంచి అయిదవనాటి తెల్లవారుజామున అతని ప్రాణముతో కూడ నిలిచెను. కొడవలికి విషము పూసినారని నాటువైద్యుడు తేల్చెను. కదిరప్ప వణకుచు వచ్చి పదిమందిలో కర్పూరమార్పి తాను విషమన్నదే యెరుగననియు గీచుకొన్నదేగాని నరకలేదనియు ప్రమాణము చేసెను. చేసిన మూడవనాడు ఓబుళప్ప యతనిని అతని పెరటిలోనే ముక్కలుగా నరికెను. పిదప నతని యన్నలను, అడ్డము వచ్చిన బావమరదులను నరికెను. ఆవలివారును ఊరకుండలేదు, ఓబుళప్ప చెల్లెలు తిమ్మక్క మగని తల నొక సంతనాడు ఆమె యింటి మెట్లపై దెచ్చి పెట్టిపోయిరి. ఇట్లు రెండు గడపలవారును కలసి పదునొకండుగురను మట్టి చేసిరి.

కోటింట మిగిలిన మగప్రాణి యొక్కటే. తండ్రి కదిరప్ప చచ్చునాటికి ఉయ్యాలలో నున్న సుంకన్న. వాని తల్లి వానిని దూరదేశము దాటించి బ్రతికించుకొనగా వాడెక్కడనో సైకిళ్లు బాగుచేసికొనుచు ముప్పదియేండ్లవాడయ్యెను. ఊరిలోనే నిలిచిపోయిన యా తల్లి ఇప్పుడు మంచము పట్టినదని తెలిసి చూడవచ్చుచున్నాడు. నేటి మధ్యాహ్నమున తుమ్మలవంక యను వాగును దాటును. ఆ వంకలో ఓబుళప్ప కొడుకు బసప్ప మరి నలుగురతో కలసి వేటకొడవళ్లు పట్టి కాచియున్నాడు. ఆ యేర్పాటు చేసినవాడు ఓబుళప్పయే. బిడ్డ నెత్తురు కక్కుచున్నను కొడుకును ఆసుపత్రికి రానీయక వంకకు బంపినవాడును అతడే.

ఇంతలో వైద్యురాలు సువర్చల చేతులు తుడుచుకొనుచు వసారాలోనికి వచ్చెను.

"ఇవాళ్టికి గండం గడిచినట్టే ఓబుళప్పగారూ. నెత్తురులోని పచ్చనీళ్లు ఎక్కించాం, కారడం ఆగింది. కాని ఈ జబ్బు పోయేది కాదు. పుట్టుకతో వచ్చింది."

"మా యింట్లో యిట్లాంటి రోగం యెవురికీ ల్యాదమ్మా."

"నాన్నల వైపు వెతక్కండి. అమ్మల వైపు చూడాలి. బిడ్డ తల్లి ఎవరి కూతురు?"

"మా చెల్లెలు తిమ్మక్క కూతురే. మేనరికం. బయటి నెత్తురు కలపగూడదని మా యమ్మ పట్టుబట్టి సేపిచ్చింది."

ఆ మాటకు సువర్చల నిట్టూర్చి యెదుట బల్లపై గూర్చుండి అతనికి దెలిసిన భాషలో చెప్పసాగెను. దాని సారమిది. చీమ మొదలు ఏనుగు వరకు గల సమస్త జీవరాశి దేహములందును ప్రతి కణమునందును కంటికి గానరాని రెండు పురుల పగ్గములు పేనబడి యున్నవి; డీయెన్నే యను నా పగ్గముల నిడివిని నాలుగే యక్షరములు కోటానుకోట్లుగా మారి మారి వచ్చుచు నుండును; ఆ వ్రాతలో నొక్కొక్క వాక్యమే జన్యువు; ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేయుటకు దేహమునకిచ్చిన యానతి. కంటి నలుపు జుట్టు వంపు ఎముక నిడివి సర్వమును ఆ యానతుల ఫలమే. ఒడలు తెగినప్పుడు నెత్తురును గట్టుటకు అట్టి మాంసకృత్తులు చెరువుకట్టకు మట్టితట్టల నందించు కూలీలవలె వరుసగా నిలిచి యొకని చేతినుండి యొకడందుకొని గండి పూడ్చును. ఈ బిడ్డ నెత్తుట ఆ వరుసలో ఎనిమిదవవాడు లేడు. వానిని బుట్టించు వాక్యమున అక్షరము చెడినది. ఏడవవాని చేతిలో తట్ట యట్లే నిలిచిపోవును. గండి పారుచునే యుండును. ఆ వాక్యమున్న పగ్గము ఆడుదానికి రెండు మగవానికి ఒక్కటి. ఆడుదానికి ఒకటి చెడినను రెండవది కాచును గనుక ఆమె సుఖముగా బ్రతికి చెడినదానిని మాత్రము కడుపున బుట్టినవారిలో కొందరికి బంచిపెట్టును. అది పడిన మగవానికి వేరు దిక్కు లేదు.

ఇట్లు ఓబుళప్ప తల్లి కడుపునుండి బయలుదేరిన యా కొరత ఓబుళప్పను దప్పించుకొని తిమ్మక్కతో మెట్టినింటికి బోయి అచ్చట ఏండ్ల తరబడి దాగి, పరాయినెత్తురు సోకకుండ గాపాడవలెనన్న మేనరికపు పసుపు పారాణులతో ఆమె కూతురి వెంట మరల పుట్టినింటి గడప ద్రొక్కెను.

"మీ అమ్మగారి మగపిల్లల్లో ఎవరైనా నెత్తురాగక పోయారా?" అని సువర్చల యడిగెను.

ఓబుళప్ప పంచెపై నట్టలు గట్టిన నెత్తురును గోటితో గీచెను. "మా తమ్ముడు. అది రోగం గాదమ్మా. కొడవలికి ఇసం పూసి..."

"గాయమెంత?"

అతడు చిటికెనవ్రేలు చూపెను.

"ఎన్నాళ్లున్నాడు?"

"నాలుగు దినాలు."

"చిన్నప్పుడు ఊరికే మోకాళ్లు వాచేవా?"

చలికాలము వచ్చిన జాలు చెన్నప్ప మోకాళ్లు గుమ్మడికాయలవలె పొంగెడివి. తల్లి ఆముదపాకులు కాచి కట్టెడిది. బరువు మోయలేడని వానిని ఓబుళప్ప భుజములపై నెక్కించుకొని తిరునాళ్లకు గొనిపోయెడివాడు. ఇదంతయు అతనికి నిన్నటివలె దోచెను గాని నోటినుండి "వాస్తాండె" యను నొక్కమాటయే వెలువడెను.

"విషం లేదు ఓబుళప్పగారూ. ఆ గీత మీ చేతి మీద పడుంటే మర్నాటికి పొక్కు కట్టేది."

ఓబుళప్ప వసారా గోడనున్న గడియారమును జూచి దిగ్గున లేచెను. పదునొకండున్నర. తలుపు చాటున నిలిచి సర్వమును విన్న తిమ్మక్క అతని చేయి బట్టుకొనెను. ముప్పదియేండ్లలో అన్నను ఆమె యట్లు తాకినది లేదు.

"యాడికన్నా?"

"వంక కాడికి. ఆపల్ల."

"ఆ యమ్మ మాట నమ్మి పోతాండావా? ఇసమే అది. ఇసం ల్యాదంటే నా మొగుని తలకాయ నేను మెట్ల మింద నుంచి యెత్తుకుండేది దేనికి? నా తమ్మున్ని సంపింది మా యమ్మ పాలా? నా మనవన్ని తాగుతాండేది నా కడుపా? సెప్పు!"

"ఇడ్సు తిమ్మీ, పొద్దు పోతాంది."

"పో. పొయ్యి ఆ ముండమోపి కొడుకు కాళ్లు కడిగి రా" అని యామె చేయి విదిల్చికొట్టెను.

జీపును తానే తోలికొని దుమ్ము రేపుచు ఓబుళప్ప వంక చేరునప్పటికి సూర్యుడు నడినెత్తిన నిలిచియుండెను. ఎండిన వంక యిసుకలో సైకిలు తలక్రిందై చక్రమింకను తిరుగుచుండెను. పెట్టెలోని బత్తాయిపండ్లు నలుదిక్కుల దొర్లియుండెను. సుంకన్న ఎడమభుజము తెగి వ్రేలాడ మోకాళ్లపై నిలిచి కుడిచేతితో దానిని పట్టుకొని యుండెను. చుట్టును నలుగురు. ఎదుట కొడవలి యెత్తిన బసప్ప.

"ఆపండ్రా!" అని ఓబుళప్ప యరచెను.

ఎత్తిన కొడవలి యెత్తినట్లే నిలిచెను. అతని మాట కెదురాడినవాడు ఆ గడపలో పుట్టలేదు. 'ఇడ్సిపెట్టండి' అని యొక్కమాట చెప్పి యతడు వెనుదిరిగి యుండినచో సుంకన్న బ్రతికియుండెడివాడు. ఒక చేయి లేకున్నను బ్రతికియుండెడివాడు.

"పిల్లోనికేమన్నా అయిందా నాయనా?" అని బసప్ప యడిగెను.

"బాగుండాడు. ఈన్ని ఇడ్సిపెట్టు."

"ఎందుకు?"

ముప్పదియేండ్లుగా ఓబుళప్పను ఆ ప్రశ్న నడిగినవాడు లేడు. నరకుమన్నప్పుడు ఎందుకని యెవ్వడును అడుగలేదు. విడువుమన్నప్పుడు మాత్రము కొడుకు కారణము గోరెను. ఓబుళప్ప దాచుకొనలేని భారమును దింపుకొనువానివలె నంతయు జెప్పెను.

"కదిరప్ప ఇసం పూయల్యా. మీ సిన్నాయన సచ్చింది మన నెత్తురులో రోగంతో. మీ అవ్వ కడుపులోంచి వచ్చింది. నీ కొడుక్కుండేదీ అదే. రెండిండ్లోళ్లం పదకొండు మందిని ఊరికే సంపినాం బసప్పా. ఊరికే."

నలుగురును ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. అంతట ఇసుకలో మోకరించియున్న సుంకన్న నవ్వెను. ఆ నవ్వున వాని భుజమునుండి నెత్తురు కుదుపుతో నెగసెను.

"మా నాయన కర్పూరమార్పి సెప్పింది యిదే గదా ఓబుళప్పా. నమ్మేదానికి నీకు ముప్పై యేండ్లు పట్టిందా? రేపు మీ వూరి రచ్చకట్ట కాడ నిలబడి సెప్తావా ఈ మాట? మా యమ్మ యింటాది. సచ్చేలోపల ఒక్కతూరి యింటాది."

"సెప్తా" అని ఓబుళప్ప యనెను. నిజముగా చెప్పదలచియే యనెను.

బసప్ప తండ్రిని, సుంకన్నను మార్చి మార్చి చూచెను. "ఇన్నాళ్లూ ఈళ్లకు మన మింద పగ ఒకటే ఉండె. ఇప్పుడు న్యాయం గూడా వచ్చె. ఈడు ఈ మాట మోసుకోని వంక దాటితే నేనూ నా కొడుకూ బతికేది యాడ నాయనా?" అని యతడు చాల మెల్లగా చెప్పి, ఆ మెల్లదనముతోనే కొడవలి దింపెను. ఒకటవ వ్రేటు అడ్డమువచ్చిన చేతి మణికట్టును దెంచెను. రెండవది దవుడను చీల్చెను. మూడవది మెడపై దిగి యెముకలో జిక్కుకొనగా వాడు సుంకన్న రొమ్ముపై కాలుమోపి దానిని బెరికికొని నాలుగవది వైచెను. ఓబుళప్ప కొడుకు నడుము పట్టి లాగుచునే యుండెను; యాబదియైదేండ్ల చేతులకు పట్టు చాలలేదు. ఆ చేతులకే యీ విద్య నేర్పిన బలము ఒకప్పుడుండెడిది.

వారు పరుగిడి గుట్టలలో గలసిన పిదప అతడొక్కడును ఆ మండుటెండలో కళేబరము ప్రక్కన గూలబడెను. ఇసుకపై మడుగుగట్టిన నెత్తురు చూచుచుండగనే చిక్కబడెను, అంచులు నల్లనయ్యెను, నడుమ మీగడవలె గట్టిపడెను. వైద్యురాలు చెప్పిన కూలీలందరును వచ్చియుండిరి. ఎనిమిదవవాడు తన చోటనే నిలిచి తట్ట నందుకొని తొమ్మిదవవాని కిచ్చియుండెను. యజమాని చచ్చిన సంగతి తెలియక వారు కట్ట గట్టుచునే యుండిరి. కాని మెడంత వెడల్పు గండిని ఏ కూలీలు పూడ్చగలరు?

ప్రొద్దు వాలునప్పటికి ఓబుళప్ప ఆసుపత్రి చేరెను. కోడలు అలసి నేలపై నిద్రించుచుండెను. తిమ్మక్క మనుమని తల ఒడిలో నుంచుకొని గంజి చెంచాతో బోయుచుండెను.

"అయిందా?" అని యామె తల యెత్తకయే యడిగెను.

"అయింది."

ఆమె మొగమున పొరవలె నేదియో తొలగి నెమ్మది గలిగెను. గంజి గిన్నె ప్రక్కన బెట్టి బిడ్డ నుదురు నిమురుచు తల్లులు కథ చెప్పు కంఠమున మొదలిడెను.

"యిను నాయనా. నీకొక సిన్నతాత ఉండె. చెన్నప్ప అని పేరు, నీ మాదిరే తెల్లగా ఉండె. కోటింటోళ్లు కొడవలికి ఇసం పూసి ఆయప్పను సంపినారు. నువ్వు పెద్దయినాక..."

"ఇసమా అవ్వా?" అని బిడ్డ వాచిన నాలుకతో కష్టపడి యడిగెను.

"ఇసమే."

గవిరంగడు పెద్దకన్నులు త్రిప్పి వాకిట నిలిచిన వానిని జూచెను.

"అవునా తాతా?"

తల్లికడుపుననుండి నెత్తుట దిగివచ్చినదానిని దీయు మందు నాటికి ఆ యాసుపత్రిలో లేదు. నోటినుండి చెవిలోనికి దిగుచున్నదానిని నిలుపుటకు మాత్రము ఒక్కమాట చాలియుండెను. ఆ మాట చెప్పినచో కొడుకు పగలేని హంతకుడగును, చెల్లెలు కారణము లేని విధవ యగును, తాను పేరు లేని పశువగును. బిడ్డ కన్నార్పక వేచియుండెను. ఓబుళప్ప గొంతు సవరించుకొని, గోడవైపు మొగము ద్రిప్పి, "ఊ" అనెను.