చప్పుడు లేని ఫ్యాను

స్కూటరు వీధి మొదట్లోనే ఆపి, మెడలోని గుర్తింపు కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు నెమ్మదయ్య. అప్పులు వసూలు చేసే కంపెనీలో తోటివాళ్లు ఆయనకు పెట్టిన పేరది. ఆయన గొంతు ఎన్నడూ పెరగలేదు. వెనకటి రోజుల్లో గొంతు పెంచినవాళ్లకే పై ఉద్యోగాలు దక్కేవి. ఈయన ఎక్కడివాడక్కడే ఉండిపోయాడు. తర్వాత కొత్త నిబంధనలు వచ్చాయి. అప్పు తీసుకున్న మనిషి దగ్గర తామెవరో దాచకూడదు, అప్పు సంగతి ఇంకెవరికీ చెప్పకూడదు, చీకటి పడ్డాక తలుపు తట్టకూడదు. కుర్రవాళ్లు తలలు పట్టుకున్నారు. తనకు చేతనైన పద్ధతే ఇన్నాళ్లకు చట్టమైందని ఈయన లోలోపల మురిసిపోయాడు.

జేబులో కార్డు పక్కన పొట్టి స్క్రూడ్రైవరుంది. స్కూటరు అద్దం మాటిమాటికీ వదులవుతుంది మరి. పొద్దున కళ్లజోడు మరిచిపోయి గడప దాటుతుంటే భార్య నవ్వింది.

"అద్దం సంగతి తర్వాత. ముందు మీ తలలో స్క్రూ బిగించుకోండి."

వీధి చివరి ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. భర్త పోయాక అన్నగారి పంచన చేరింది. మిషను అప్పు మీద కొన్నట్టు అన్నకు తెలియదు. తెలిస్తే ఆ రోజే అమ్మించేస్తాడనీ, ఆయన లేని వేళ చూసి రమ్మనీ ఫోనులో బతిమాలింది.

తీరా వెళితే నడుం పట్టేసి అన్న పడకకుర్చీలోనే ఉన్నాడు.

"ఎవరు కావాలండీ?"

మిషను ఆగిపోయింది. ఆవిడ చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది. నిజం చెబితే ఈవిడ కూటికి మన్ను కొట్టినట్టే. అబద్ధమాడితే రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకునే దేవుడికి ఏ మొహం చూపించాలి? నెమ్మదయ్య దేవుడి కోసమే పైకి చూశాడు. కటకటా కొట్టుకుంటున్న ఫ్యాను కనిపించింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఇలా మోగుతోంది?"

"చాలా రోజులైంది. కంటి మీద కునుకుంటే ఒట్టు."

"స్టూలుందా అమ్మా?"

చెల్లెలు ఫ్యాను బాగుచేసే మనిషిని పిలిపించింది కాబోలు అనుకుని అన్న ఊరుకున్నాడు. నెమ్మదయ్య ఫ్యాను ఆపించి స్టూలెక్కి, వదులైన స్క్రూలు బిగించి దిగాడు. మళ్లీ వేస్తే ఫ్యాను మెత్తగా తిరిగింది. కాసేపటికి అన్న గురక మొదలైంది.

అప్పుడు మిషను దగ్గరికి వెళ్లి ఆవిడకు కార్డు చూపించాడు. వాయిదా తగ్గించమని అడిగే హక్కు ఆవిడకుందనీ, మనిషిని ఇంటికి పంపవద్దని కూడా రాసివ్వొచ్చనీ మెల్లగా చెప్పి, కాగితం ముందు పెట్టాడు.

"అదీ రాసేస్తే మీరు రారుగా?"

"రాను తల్లీ. రాయండి."

నవ్వుతూ సంతకం చేసింది.

నోరు విప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా అని దారి పొడవునా ఆలోచించాడు. తేలలేదు. బిగించిన స్క్రూ మాత్రం నిజమే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

తన ఇంటి ముందు స్కూటరు అద్దం వేలాడుతుంటే జేబు తడుముకున్నాడు. కార్డు తప్ప ఏమీ లేదు. స్క్రూడ్రైవరు ఆ కుట్టుపని ఆవిడ ఇంట్లోనే మరిచొచ్చానని భార్యకు చెప్పాడు.

"వెళ్లి తెచ్చుకోండి," అంది భార్య టీ గ్లాసు అందిస్తూ.

"ఎలా వెళ్లను? రావద్దని నేనే రాయించుకొచ్చాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. గ్లాసు తీసుకుందామని ఆమె వచ్చేసరికి టీ ఇంకా వెచ్చగానే ఉంది. పిలిస్తే పలకలేదు. ఆ పోవడం కూడా చప్పుడు చేయకుండానే పోయాడు.

అక్కడ, వీధి చివరి ఇంట్లో, కుట్టుపని ఆవిడకు స్టూలు మీద పొట్టి స్క్రూడ్రైవరు దొరికింది. దీని కోసమైనా ఒకసారి రాకపోతాడా అనుకుని, గుడ్డతో తుడిచి మిషను మీద కత్తెర పక్కన పెట్టింది.