పట్టుపీట మహిమ

గ్రీష్మమార్తాండుని ప్రచండకిరణములు కోటగోడలను గుమ్మరివామువలె గాల్చుచుండ పల్లకి మోయు బోయీల యరికాళ్లు బాటదుమ్మున బొబ్బలెక్కుచుండ వట్టివ్రేళ్ల తడికల చాటున జల్లగాలి సేవించుచు విరూరు సంస్థానపు టాస్థానవైద్యుఁడు నృసింహయాజులు ప్రభు వొసఁగిన పట్టుపీటపై గూర్చుండి తన యనుమతి లేనిదే లోకమున రోగము పుట్టదని తలంచుచుండెను. ఆ మహానుభావునకు బీదల చేయి ముట్టుట కిట్టదు. కావున రోగి మణికట్టునకు బట్టుదారము గట్టించి యవ్వలికొనను దన వ్రేళ్ల నడుమ బట్టి నాడి చూచెడివాఁడు. దార మేమి చెప్పెడిదో యా దారమునకే తెలియవలెను.

ఒకనాఁడు గుండెదడచే బల్లకి క్రింద గూలిన సింగన్న యను బోయీని దెచ్చి నిలిపిరి. వ్యాధి కుదురునన్న వానికి గొలువు నిలుచును. కుదురదన్న తొలకరిలోపల నాలితో గూడ గోటచెంతనున్న గుడిసె విడువవలెను. యాజులు దారము బట్టి కన్నులు మూసికొనఁగా సింగన్న భార్య యెఱ్ఱక్క చేతులు జోడించెను.

"అయ్యా, ఈయన నాయనకీ గుండె నీరసమే, కాదనను. కానీ పల్లకి కుదిపితే కొరడా, దింపితే బూతులు. పిలుపు ఇనపడితే చాలు, గుండె ఎగిరెగిరి పడతాది. నిద్దర లేదు, కూడు దిగదు."

"ఓసి మూఢురాలా! తిట్టు చెవిఁ జొచ్చును గాని గుండెఁ జొచ్చునా? ఇది వంశరక్తదోషము. దీనికి జికిత్స లేదు" అని పకపక నవ్వి యాజు లా మాటయే పత్రమున వ్రాసి యిచ్చెను.

పక్షము తిరుగకమున్నే ప్రభువు స్వకృతపద్యము జదువుచుండ యాజు లావులించెను. తత్క్షణమే పట్టుపీట పోయెను. ద్వారపాలకుల సరసన నిలుచుటయు "ఒరే నృసింహా" యని పిలిపించుకొనుటయు బ్రాప్తించెను. పది దినములలో నగారా వినిన గుండె దడదడలాడసాగెను. నేతియన్నము చేదయ్యెను. నిద్ర పాఱిపోయెను. ఏడుతరముల వంశావళి వెదకిన రక్తదోషము గానరాలేదు. నాలుగు కషాయములు ద్రావిన గుణము గానరాలేదు.

అంతలో ప్రభువునకు మామిడిపండ్ల యజీర్తి పట్టుటచే బీట మరల వచ్చెను. ఆ పూటయే యాజులు రెండుమాఱులు వడ్డింపించుకొని భుజించి గుఱ్ఱుపెట్టి నిద్రించెను. తన్ను గుదిర్చినది కషాయము గాదని యా పండితునకు జక్కగా దెలిసెను. సింగన్న తండ్రి యిచ్చిన నీరసమును రోగముగా బెంచినది కొరడాయే యనియు దెలిసెను. కాని యా మాట యనిన బత్రము చింపవలెను, పట్టుదారము బూటకమని సభలో నొప్పుకొనవలెను.

తొలకరి మబ్బు గ్రమ్మిననాఁడు మూట నెత్తిన బెట్టుకొని సింగన్న కడసారి వచ్చి వేఁడుకొనెను.

"వ్రాసినది వ్రాసితిమి. పొమ్ము" అనెను యాజులు.

సింగన్న యా పట్టుపీటవంక దేఱిపాఱఁ జూచెను. "అయ్యా, మీకు కుదిరిన మందే మాకూ రాసియ్యరాదా?"

చినుకులు పడుచుండ నాలుమగలు కోటవాకిలి దాఁటి రొప్పుచు నాగుచు వెడలిరి. పీట పోయినందుకు బదిదినములు దడదడలాడిన యాజుల గుండె యిప్పు డొక్కమాఱైనను దడబడలేదు.