అనకూడని అంకె

బ్రాకెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు గురించి క్లిఫర్డ్ ఏటా చెప్పే జోస్యం ఒక్కటే: పన్నెండో స్థానం. అది చెప్పడానికి త్రికాలజ్ఞానం అక్కర్లేదు. ఆ క్లబ్బు నాలుగో డివిజన్ నడిమధ్యలో, పైకి పోకుండా కిందికి జారకుండా, బురదలో గేదెలా పడి ఉండబట్టి ఒక తరం దాటిపోయింది. అయినా పన్నెండన్న చోట పదకొండో పదమూడో వచ్చినప్పుడల్లా ఊళ్ళో క్లిఫర్డ్ పరువు పెరిగేది. వాడి నోట్లో ఏదో ఉంది అనుకునేవారు జనం. క్లిఫర్డ్ కూడా అలాగే అనుకునేవాడు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. సెప్టెంబరులో సొంత మైదానంలో జరిగే మొదటి మ్యాచ్ అయ్యాక, స్టేడియం ఎదురుగా ఉన్న వీవర్స్ పబ్బులో పాతవాళ్ళంతా చేరతారు. ఈ ఏడు మనవాళ్ళు ఎన్నో స్థానంలో తేలతారో తలా ఒక అంకె చెప్తారు. కిందటేడు అందరికంటే దగ్గరగా చెప్పినవాడిది చివరి మాట. ఆ మాట పడేదాకా ఎవరూ గ్లాసు ఎత్తకూడదు. ఏళ్ళ తరబడి ఆ చివరి మాట క్లిఫర్డ్‌దే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మొదటి మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు పై డివిజన్‌కి వెళ్తారు కాబట్టి ఆ సాయంత్రం దాటేదాకా ఒకటి, రెండు, మూడు అన్న అంకెలు ఎవరి నోటా రాకూడదు. ఎంత ఆశపోతైనా నాలుగు దగ్గర ఆగాల్సిందే. తెలుగువాళ్ళ నెత్తిన తిరిగే తథాస్తు దేవతలు అన్నదానికల్లా తథాస్తు అంటారట. బ్రాకెన్‌షా మీద తిరిగేవాళ్ళు పెంకిఘటాలు, కోరిక చెవిన పడితే చాలు, దాన్ని చెడగొట్టేదాకా నిద్రపోరు. ఎవరి నోరైనా జారిందా, ఆ మనిషి లేచి స్టేడియం గోడ చుట్టూ అప్రదక్షిణంగా ఒక చుట్టు తిరిగి రావాలి. దొంగాట ఆడకుండా వెంట ఒక సాక్షి నడవాలి.

ఈ ఏడు క్లబ్బుకి ఏం పూనిందో, ఆగస్టులో ఆడినవన్నీ గెలిచి పట్టికలో అందరికంటే పైన కూర్చుంది. ఊరంతా సంబరంగా ఉంది. క్లిఫర్డ్‌కి మాత్రం కడుపులో మంటగా ఉంది. ఆ మంట పేరు రాడ్నీ.

రాడ్నీ ఆ దేశపు దక్షిణాదివాడు, ఈ ఉత్తరాది ఊరికి పరాయివాడు. ఎక్కడో సముద్రపు ఒడ్డున ఊళ్ళో పళ్ళ డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక భార్య పుట్టినూరని ఇక్కడికొచ్చి ఇల్లు తీసుకున్నాడు. వచ్చినవాడు తోట పని చేసుకోవచ్చు, కుక్కని తిప్పుకోవచ్చు. తిన్నగా వచ్చి సీజన్ టికెట్ కొన్నాడు. అదీ ఎక్కడ? విల్ఫ్‌కి కుడి పక్కన.

విల్ఫ్‌కి ఎడమ పక్క సీటు క్లిఫర్డ్‌ది. ఇద్దరూ తండ్రుల భుజాలెక్కి ఈ మైదానానికి వచ్చిన నాటినుంచీ అంతే. విల్ఫ్ ఎడమ మోకాలు అరిగిపోయాక, చేతికర్ర ఉన్నా, ఆ పక్కన నడిచి మెట్లు ఎక్కించేదీ దించేదీ క్లిఫర్డే. విరామంలో ఫ్లాస్కు తీసేదీ అతనే. ఆ ఫ్లాస్కు మూతే కప్పు. ముందు విల్ఫ్ తాగి, మిగిలిన సగం క్లిఫర్డ్‌కి ఇస్తాడు. ఇద్దరి భార్యలూ పోయాక ఆ మూతలో టీ తాగే శనివారం కోసమే మిగతా వారమంతా గడిచేది. ఈ సంగతి క్లిఫర్డ్ ఎవరితోనూ అనలేదు. విల్ఫ్‌తో అసలే అనలేదు.

సీజన్ మొదటి మ్యాచ్‌లోనే రాడ్నీ లేచి నిలబడి, స్టాండు మొత్తానికి వినపడేలా, "ఈ ఏడు మనమే ఒకటి," అన్నాడు. కట్టుబాటు తెలియక అన్నాడు, పాపం. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. విల్ఫ్ గట్టిగా చీవాట్లు పెడతాడని క్లిఫర్డ్ చూశాడు. విల్ఫ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. అతన్ని అలా నవ్వించి తనకి ఎన్నేళ్ళయిందో క్లిఫర్డ్‌కి గుర్తు రాలేదు.

తర్వాత క్లబ్బు గెలుస్తూ పోయింది, రాడ్నీ మాటకి విలువ పెరుగుతూ పోయింది. రెండు మ్యాచ్‌లు తిరిగేసరికి విల్ఫ్ అతని పేరు చివర 'గారు' తీసేశాడు. ఇంకొన్నాళ్ళకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. క్లిఫర్డ్ ఇవన్నీ గమనించాడు. అసూయకి చెవులు పదును.

సెప్టెంబరు మ్యాచ్ రోజు రానే వచ్చింది. విరామానికి టౌన్ ఒక గోలు ముందుంది. క్లిఫర్డ్ ఫ్లాస్కు తీసి మూతలో టీ పోసి చాపాడు.

"ఉండరా, చేతులు ఖాళీ లేవు," అన్నాడు విల్ఫ్. ఒక చేతిలో వేడి వేడి మాంసం పేస్ట్రీ, రెండో చేతిలో దాన్ని చుట్టిన కాగితం. రాడ్నీ తెచ్చిపెట్టాడు.

"చల్లారిపోద్ది."

"చల్లారితే చల్లారనీ. ఇది తిని చూడు, ప్రాణం లేచొస్తది."

రాడ్నీ ముందుకి వంగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "క్లిఫర్డ్ గారూ, మీకూ ఒకటి తెచ్చాను. తీసుకోండి."

"నాకు పడదండీ దొరగారూ," అన్నాడు క్లిఫర్డ్.

"మాంసం పడదా?"

"దక్షిణాది నుంచి వచ్చింది ఏదీ పడదు."

"అది మన వీధి చివర కొట్లోదేరా," అన్నాడు విల్ఫ్ నములుతూ.

క్లిఫర్డ్ మూతలో టీ మొత్తం తనే తాగేశాడు. నాలుక కాలింది. ఇంకో మూత పోసుకుని అదీ తాగేశాడు, పంతానికి.

రెండో సగంలో ఒక పాడు ఆలోచన అతని బుర్రలో దూరింది. అవతలివాళ్ళు ఒక్క గోలు వేస్తే బాగుండు. ఒక్కటి. ఓడిపోనక్కర్లేదు, ఈ దొరగారి నవ్వు కాస్త తగ్గితే చాలు. ఛీ, ఇదేం బుద్ధి అని తన్ను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే అవతలి జట్టు ముందుకొచ్చినప్పుడల్లా సీటు అంచుకి జరిగాడు.

మ్యాచ్ ముగియబోతుండగా అవతలివాళ్ళకి కార్నర్ కిక్ వచ్చింది. బంతి గాల్లోకి లేచింది. టౌన్ గోల్‌కీపర్ చేతుల్లోకి వచ్చిన బంతిని జారవిడిచాడు. ఎవడిదో కాలు తగిలి అది వలలో పడింది.

సొంత స్టాండు మొత్తం ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"అద్గదీ!"

ఆ గొంతు తనదేనని క్లిఫర్డ్‌కి ఒక క్షణం తర్వాత తెలిసింది. పిడికిలి గాల్లో ఉంది. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి.

"అద్గదీ... నే చెప్పలేదా," అన్నాడు పిడికిలితో మోకాలి మీద గుద్దుకుంటూ. "వీళ్ళ మొహాలకి గెలుపొకటా."

జనం నమ్మారు. క్లిఫర్డ్ ఏడుపు వాళ్ళకి కొత్తకాదు. "నీ నోరు పడ," అని ఒకాయన తిట్టి ముందుకి తిరిగాడు. రాడ్నీ కూడా నమ్మి, "బాధపడకండి, ఒక్క డ్రానే కదా," అని ఓదార్చాడు. ఆ ఓదార్పు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

విల్ఫ్ ఒక్కడే తల తిప్పుకోకుండా క్లిఫర్డ్ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. మ్యాచ్ అయ్యాక మెట్లు దిగేటప్పుడు క్లిఫర్డ్ అలవాటుగా మోచెయ్యి చాపాడు. విల్ఫ్ ఆ చెయ్యి పట్టుకోలేదు. ఇనప కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే దిగాడు.

పబ్బులో అందరూ చేరారు. బల్లల మీద గ్లాసులు నిండాయి, ఎవరూ ముట్టుకోలేదు. పబ్బు యజమాని బెరిల్ చేతులు తుడుచుకుంటూ బల్ల వెనక నిలబడింది.

"నాది నాలుగు," అంది. "పట్టిక పైన కూచోబెట్టుకుని అయిదంటే కళ్ళు పోతాయి."

ఒకరు ఆరన్నారు. ఒకరు నాలుగన్నారు. పాత పోస్టుమాన్ ఒకాయన, ఇందాకటి డ్రా మనసులో పెట్టుకుని తొమ్మిదన్నాడు. అందరూ ఆయన్ని ఉఫ్ మని ఊదేశారు. రాడ్నీ వంతు వచ్చింది. ఇప్పుడు ఒకటంటాడు, అప్పుడు తెలుస్తుంది వీడి సంగతి అనుకుని క్లిఫర్డ్ వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

రాడ్నీ ఒకసారి విల్ఫ్ వైపు చూసి, "నాలుగు," అన్నాడు వినయంగా.

"భలే," అంది బెరిల్. "కట్టుబాటు ఎవరు చెప్పారు నాయనా?"

"విల్ఫ్ చెప్పాడు. మొన్న మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు."

భోజనానికొచ్చినప్పుడు. క్లిఫర్డ్ గుండెలో ముల్లు దిగినట్టయింది. విల్ఫ్ ఆ మాట తనతో అననే లేదు.

ఇక విల్ఫ్ వంతు. దీనికి ఎవరూ చెవి ఒగ్గరు, ఎందుకంటే విల్ఫ్ ఏటా ఒకే మాట అంటాడు: క్లిఫ్ ఎంతంటే నాదీ అంతే. బెరిల్ అప్పుడే క్లిఫర్డ్ వైపు తిరిగింది.

"నాలుగు," అన్నాడు విల్ఫ్.

పబ్బులో చిన్న గుసగుస లేచింది. క్లిఫర్డ్ చెవులు వేడెక్కాయి.

"క్లిఫ్, చివరి మాట నీది," అంది బెరిల్. "తొందరగా కానీ, నురగ పోతంది."

పన్నెండు నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో విల్ఫ్ తలెత్తి చూశాడు, స్టాండులో చూసినట్టే. ఇప్పుడు పన్నెండంటే అది జోస్యం కాదు, కోరిక. ఆ సంగతి తనకీ తెలుసు, విల్ఫ్‌కీ తెలుసు. నాలుగందామా అంటే, అది రాడ్నీ అన్న అంకె. వాడి వెనకాల నడవడానికి క్లిఫర్డ్‌కి ప్రాణం ఒప్పలేదు. వాడి కంటే ముందు నడవాలంటే మిగిలింది ఎంత?

"ఒకటి," అన్నాడు.

ఒక్కసారిగా గోల లేచింది. "చంపావు కదరా," అన్నాడు పోస్టుమాన్. "నలభై ఏళ్ళకోసారి పైకి లేచే క్లబ్బు, దాని పీక నులిమావు," అని ఇంకొకాయన టోపీ బల్ల మీద కొట్టాడు. బెరిల్ తలుపు వైపు చెయ్యి చూపించింది. "లే. చుట్టు తిరిగిరా. ఇదేం పోయేకాలం నీకు? సాక్షి ఎవరు పోతారు?"

"నేను వెళ్తాను," అని రాడ్నీ ఉత్సాహంగా లేచాడు.

"కూచో రాడ్నీ," అన్నాడు విల్ఫ్ బల్ల పట్టుకుని లేస్తూ. "వీడికి సాక్షిని నేను."

పబ్బంతా తిడుతూ ఉంటే క్లిఫర్డ్‌కి లోపల పండగలా అనిపించింది. సిగ్గులేని మనసు.

బయట ఇంకా వెలుతురుంది. గోడ ఎడమ పక్కన ఉండేలా నడక మొదలుపెట్టారు. విల్ఫ్ ఎడమ చెయ్యి గోడకి ఆనించి నడుస్తున్నాడు. గోడ ఉన్న పక్కన క్లిఫర్డ్‌కి చోటు లేదు. కుడి పక్కకి వచ్చి నడిచాడు.

"నీ మొహం చూశాను," అన్నాడు విల్ఫ్. "చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూచుంటున్నా. నీ మొహంలో అంత సంతోషం ఎన్నడూ చూళ్ళేదు. నీ పెళ్ళిలో కూడా చూళ్ళేదురా. అదీ ఎవరి గోలుకి?"

క్లిఫర్డ్ నేల చూపులు చూశాడు. "ఓడిపోవాలనుకోలేదు."

"మరి?"

"వాడి మాట తప్పవ్వాలనుకున్నా."

"వాడేం చేశాడు నిన్ను?"

"నువ్వు టీ తాగలేదు," అన్నాడు క్లిఫర్డ్. అనేశాక గానీ అదెంత చిన్న మాటో అతనికి తెలియలేదు. "భోజనానికి పోయావు, చెప్పలేదు. వాడు నిన్ను నవ్విస్తాడు. నా దగ్గరేముంది? పన్నెండు తప్ప."

విల్ఫ్ ఆగాడు. గోడ మీంచి చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చెప్తే నువ్విలా ఏడుస్తావనే చెప్పలేదు," అన్నాడు. "మనిషికి రెండు పక్కలుంటాయిరా క్లిఫ్. రెండోది ఇన్నేళ్ళూ ఖాళీగా ఉంది. దాంట్లో ఎవడో కూచుంటే నీదేం పోయింది?"

ఏం పోయిందో క్లిఫర్డ్‌కి బాగా తెలుసు. సగం పోయింది. విల్ఫ్ అతని మోచెయ్యి అందుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ కదిలారు. క్లిఫర్డ్‌కి కాస్త ఊపిరాడినట్టయింది.

అంతలో వెనకనించి పరుగు చప్పుడు. రాడ్నీ, చేతిలో విల్ఫ్ చేతికర్రతో.

"మర్చిపోయావు," అన్నాడు రొప్పుతూ. "ఇంకోటి కూడా. ఆగస్టులో నేనూ ఒకటి అన్నాను కదా. నేనూ తిరగాలట. బెరిల్ గారు గెంటేశారు."

విల్ఫ్ చేతికర్ర చంకలో పెట్టుకుని, రెండో చెయ్యి అతని భుజం మీద వేశాడు. రాడ్నీ ఎక్కడ చోటుంటే అక్కడ దూరాడు, విల్ఫ్‌కీ గోడకీ మధ్యన. ముగ్గురూ వరసగా నడిచారు.

నాలుగడుగులు వేశాడో లేదో క్లిఫర్డ్ బరువు తూచడం మొదలుపెట్టాడు. తన మోచేతి మీద విల్ఫ్ చెయ్యి తేలిగ్గా ఉంది, మర్యాదకి పెట్టినట్టు. అటు చూస్తే రాడ్నీ భుజం ప్రతి అడుక్కీ కుంగుతోంది. అరిగిన మోకాలు అటు పక్కన ఉంది మరి. ఆ పళ్ళ డాక్టరుకి తాను మోస్తున్నది ఏమిటో కూడా తెలియదు. క్లిఫర్డ్ ఓర్చుకున్నాడు. టికెట్ల కిటికీ దాకా ఓర్చుకున్నాడు. గోడ మూల దాకా ఓర్చుకున్నాడు. ఇక అతని వల్ల కాలేదు.

"రాడ్నీ," అన్నాడు. దొరగారూ అనడం మర్చిపోయాడు. "మూల తిరిగాక పక్కలు మారదాం."

"ఎందుకండీ?"

"ఆ మోకాలు నాది."

రాడ్నీ అర్థంకాక నిలబడిపోయాడు. విల్ఫ్ ముందు ముక్కుతో నవ్వాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గోడకి ఆనుకున్నాడు. తన మాటలో అంత నవ్వాల్సిందేముందో క్లిఫర్డ్‌కి తెలియలేదు. అటు పక్కకి వెళ్ళి నిలబడి, మోచెయ్యి చాపి, ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు.