ఖాసింబీ ఇంటి తలుపు

ఖిదిర్‌పూర్‌లో ఆ సందు ఎంత ఉంటుందంటే, ఈ కొసన మిరపకాయ తాలింపు వేస్తే ఆ కొసన తుమ్ములు వినిపిస్తాయి. అంత చిన్న సందులో మూడేళ్ల క్రితం వరకు ఒకటే మసీదు. ఇప్పుడు రెండు. జనం పెరిగి కాదు, జనం విడిపోయి.

గొడవ అల్లా దగ్గర రాలేదు, ప్రవక్త దగ్గర రాలేదు, కితాబు దగ్గర అసలే రాలేదు. కాళ్ల దగ్గర వచ్చింది. శుక్రవారం నమాజు అయ్యాక అందరూ లేచి నిలబడి ప్రవక్తకి సలాం చదవాలని కొందరు, అలా నిలబడమని ఎక్కడా లేదు, మేం కూర్చునే ఉంటామని కొందరు. మొదట మాటా మాటా అనుకున్నారు, తరువాత చొక్కాలు పట్టుకున్నారు, ఆ తరువాత కోర్టుకెక్కారు. కూర్చునేవాళ్లు బయటికొచ్చేసి లారీల రిపేరు షెడ్డు మేడ మీద కొత్త మసీదు పెట్టుకున్నారు. సందులో వాళ్లకి పేర్లు కూడా అలాగే స్థిరపడ్డాయి. నిలబడేవాళ్లు, కూర్చునేవాళ్లు.

విడిపోయాక సామాన్లు పంచుకోవాలి కదా. శవాన్ని మోసే జనాజా మంచం నిలబడేవాళ్ల దగ్గర ఉండిపోయింది. శవానికి స్నానం చేయించే బల్లని కూర్చునేవాళ్లు మోసుకుపోయారు. లేనిది కొత్తగా చేయించుకోవచ్చు కదా అంటే, చేయించుకుంటే పాతదాని మీద హక్కు వదులుకున్నట్టేనని రెండు వైపుల వకీళ్లూ చెప్పారట. అందుకని నిలబడేవాళ్లలో ఎవరైనా పోతే ఎవరింటి తలుపో ఊడదీసి దాని మీద స్నానం చేయిస్తారు. కూర్చునేవాళ్లలో ఎవరైనా పోతే నులక మంచం మీద మోసుకెళతారు. ఇందులో పంతం ఎవరిదో, పాట్లు ఎవరివో చూడండి.

ఆ బల్ల చేసినవాడు ఖాసింబీ మొగుడు మస్తాను. రేవులో కూలీ. ఓడల్లో సరుకు కింద పరిచే టేకు చెక్కలు వేలంలో పాడుకుని, సగంతో తన ఇంటికి తలుపు, మిగతా సగంతో మసీదుకి బల్ల చేశాడు. అతను పోయి పదేళ్లయింది. కొడుకు ఇలియాసు ఇప్పుడు కొత్త మసీదుకి సెక్రటరీ. ‘మా నాన్న చేసిన బల్ల’ అంటూ ఆ రోజు అందరికంటే ముందు దాన్ని ఎత్తింది వాడే.

ఖాసింబీ పని ఆ బల్ల దగ్గరే ఉండేది. సందులో ఏ ఆడమనిషి పోయినా గుసుల్, అంటే ఆ ఆఖరి స్నానం, ఆవిడే చేయించేది. మసీదు రెండయ్యేదాకా ముప్పై ఏళ్లు అంతే. ఆవిడకి ఒక అలవాటు ఉంది. చేస్తున్నంతసేపూ చనిపోయిన మనిషితో మెల్లగా మాట్లాడుతుంది, అదీ తెలుగులో. ఆ శవం బీహారీ ముసలమ్మదైనా, బెంగాలీ పిల్లదైనా సరే. “కుడిసెయ్యి కడుగుతున్నానమ్మా. నీల్లు గోరెచ్చగానే ఉన్నాయి, బయపడకు.” ఎవరైనా ఆశ్చర్యపడి చూస్తే, “సచ్చినోల్లకి బాసతో పనేటి” అనేది.

బతికున్నవాళ్లలో ఆవిడ తెలుగు పూర్తిగా అర్థమయ్యేది ఒక్క సైదమ్మకే. ఇద్దరిదీ పాలకొండ ప్రాంతం. ఒకే ఏడాది కొత్త పెళ్లికూతుళ్లుగా హౌరాలో రైలు దిగి, ఈ సందులో ఎదురెదురు గదుల్లో కాపురం పెట్టారు. సైదమ్మ రెండేళ్లు పెద్ద, అందుకని అప్ప అయింది. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు స్నానం చేయించాలని ఇద్దరూ ఎప్పుడో మాటిచ్చుకున్నారు. “నువ్వే ముందు పోవాలే ఖాసిం, నాకు సేయించడం రాదు” అని సైదమ్మ ఏడిపించేది.

మసీదు రెండయ్యాక సైదమ్మ కొడుకు రఫీకు పాత మసీదులోనే ఉండిపోయాడు. రఫీకూ ఇలియాసూ చిన్నప్పుడు ఒక్క బ్యాటు మీద క్రికెట్టు ఆడినవాళ్లు. ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఒకడు వాది, ఒకడు ప్రతివాది. తల్లులు కొన్నాళ్లు కిటికీల్లోంచి మాట్లాడుకున్నారు. కొడుకులు కేకలేశారు. తరువాత తల్లులు చేతులు మాత్రం ఊపుకున్నారు. తరువాత అదీ మానేశారు. పోయిన నెల సైదమ్మ జబ్బు పడింది. ఆ దగ్గు ఏడడుగుల దూరంలో రోజంతా వినిపించేది. ఖాసింబీ వెళ్లలేదు. కొడుకు పరువు అనుకుంది, రేపు వెళదాంలే అనుకుంది. ఆవిడ జీవితంలో సిగ్గుపడాల్సిన పని ఇదొక్కటే.

ఆ ఉదయం టీ వడకడుతుంటే పాత మసీదు మైకులో సైదమ్మ పోయిందని చెప్పారు. గిన్నె దించి, ఖాసింబీ స్నానం నీళ్లలో వేసే రేగాకుల సంచి కోసం అటక మీద చెయ్యి పెట్టింది.

“ఎక్కడికి?” అన్నాడు ఇలియాసు.

“ఎక్కడికేట్రా. సైదప్పకి నీల్లు పొయ్యాలి.”

“వాళ్ల ఇంటికా? అమ్మా, కమిటీ తీర్మానం తెల్దా నీకు? పోయినేడు వాళ్ల జనాజాకి వెళ్లిన ముగ్గురు ముసలోళ్లకి, పాత పెళ్లి చెల్లదని మళ్లీ నిఖా చదివించాం.”

“నాకు మొగుడే లేడు. నిఖా ఎవుడితో సదివిస్తావు?”

ఇలియాసుకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. “నవ్వులాట కాదు. నువ్వక్కడికి వెళ్తే రేపు నీ జనాజాకి మనోళ్లు ఒక్కరూ రారు. నేను సెక్రటరీని, నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఒరే ఇలియాసూ, జనాజా నమాజులో వంగడం ఉందా? కూర్సోడం ఉందా?”

వాడు కొక్కెం మీది చొక్కా అందుకున్నాడు.

“నేదు కదా. అందరూ నిలబడే సదవాలి. మీరు కొట్టుకోకండా ఉండడానికి అల్లా ఒక్క నమాజైనా పెట్టేడు. దాని కాడా కొట్టుకుంతన్నారు.” ఆవిడ చెయ్యి చాపింది. “ఆ బల్ల ఉన్న గది తాళం ఇయ్యి. మీ నాయిన సేసింది దానికోసమే.”

“అది కమిటీ ఆస్తి” అన్నాడు ఇలియాసు, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

ఖాసింబీ సందు దాటింది. ఏడు అడుగులు. మూడేళ్లలో మొదటిసారి. గుమ్మంలో ఉన్న మగవాళ్లు పక్కకి తప్పుకున్నారు కానీ ఎవరూ సలాం చెప్పలేదు. లోపల రఫీకు భార్య మెహరున్ ఒక్కతే దిక్కుతోచక నిలబడి ఉంది. వాళ్లది దర్జీ దుకాణం వెనక గది, ఇనప షట్టరు తప్ప తలుపు లేదు. దర్జీ బల్ల మీది ప్లైవుడ్డు ఊడదీసి తెచ్చి ఇటుకల మీద పెట్టారు. ఖాసింబీ అరచేత్తో నొక్కితే మధ్యలో కిందికి దిగిపోయింది.

“ఖాలా, రోజూ నిన్ను అడిగింది” అంది మెహరున్, అత్త దగ్గర నేర్చుకున్న తెలుగులో. “నిన్న కూడా. ఖాసిం వస్తాది, నీళ్లు కాచి పెట్టు అంది.”

ఖాసింబీ వెనక్కి తిరిగి సందులోకి వచ్చి, “రఫీకూ, మా ఇంటి తలుపు ఊడదియ్యి” అంది.

రఫీకు ఎర్రబడ్డ కళ్లతో చూశాడు. “ఇలియాసు...”

“ఇల్లు నాది. తలుపు నా మొగుడు సేసింది. తియ్యి.”

నలుగురు మోసుకొచ్చారు. టేకు తలుపు ఇటుకల మీద కదలకుండా కూర్చుంది. దాన్నీ ఆ బల్లనీ చేసిన చేతులు ఒకటే, చెక్కా ఒకటే. సైదమ్మని దాని మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఖాసింబీ కొంగు బిగించింది. మెహరున్‌ని పక్కన నిలబెట్టుకుంది. “సూడు. ముందు వుజూ సేయించాలి, మొకం, సేతులు, కాల్లు కడగాలి. తరవాత కుడివేపు, తరవాత ఎడమవేపు. మూడుసార్లు. ఆకరి నీల్లలో కర్పూరం. నువ్వు పొయ్యి, నాను కడుగుతాను.”

పోస్తున్న నీళ్ల చప్పుడులో మెహరున్‌కి ఆవిడ మాటలు వినిపించాయి. “అప్పా, నాను వొచ్చేను. ఆలీసమయిపోయింది. ఎదురింటికి రావడానికి నెల పట్టింది నాకు. ఎడమసెయ్యి ఎత్తుతన్నాను. ఎంత సిక్కిపోయేవే. నీతో మాటాడక నా తెలుగు తుప్పట్టిపోయింది, తప్పులుంటే నవ్వకు.” మెహరున్‌కి సగమే అర్థమైంది. ఆ సగానికే ఏడ్చింది.

మధ్యాహ్నం నమాజు ముందు ఇలియాసు ఇంటికి వచ్చేసరికి గుమ్మానికి తలుపు లేదు. విషయం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లోపలికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. ఇంతలో జనాజా లేచింది. సందంతా కలిమా వినపడుతోంది. మామూలుగా అయితే వాడు తలుపు మూసుకునేవాడు. ఈ మూడేళ్లలో అటువైపు జనాజా వచ్చిన ప్రతిసారీ అలాగే మూసుకున్నాడు.

ఇవాళ మూయడానికి ఏమీ లేదు. సైదమ్మ మంచం వాడి ఎదురుగుండానే వచ్చింది. చిన్నప్పుడు వాడికీ రఫీకుకీ ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టిన మనిషి. రఫీకు మంచం ముందు కర్ర మోస్తూ ఇటు చూడకుండా నడిచాడు. ఇలియాసు లేచి నిలబడ్డాడు. అంతే, గడప దాటలేదు. జనాజా సందు మలుపు తిరిగిపోయింది.

ఖాసింబీ తడి చీరతో వచ్చి గుమ్మంలో కూలబడింది.

“అమ్మా” అన్నాడు ఇలియాసు. “నీకెవరు చేయిస్తారు?”

ఆవిడ తలెత్తి చూసింది. వాడు అడిగింది కోపంతో కాదు. మూడేళ్లుగా తన కమిటీలో ఒక్కరికీ తట్టని సంగతి అది. కూర్చునేవాళ్లలో ఆ పని తెలిసిన ఆడమనిషి ఖాసింబీ తరువాత ఇంకెవరూ లేరు.

“మెహరునుకి నేర్పేను ఇయాల” అందావిడ. “సేతులు మంచివి. బయపడలేదు.”

“రఫీకు పెళ్లామా?”

“ఆ. అది వొస్తాది. నువ్వు రానిస్తావో నేదో నువ్వే సూసుకో. నాను అప్పుడు సెప్పలేను కదా.”

ఇలియాసు ఖాళీ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎదురుగా రఫీకు గోడకి ఆనించి ఉన్న టేకు తలుపు ఎండకి ఆరుతోంది. అది ఒక్కడు మోసే బరువు కాదని వాడికి తెలుసు. మట్టి వేయడానికి వెళ్లిన రఫీకు వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆగి, చెప్పులు వేసుకుని సందు దాటాడు.

ఖాసింబీ సాయం వెళ్లలేదు.