ఫెర్మిన్ ఆగుదామన్న చోటు

ఫెర్మిన్ అర్చులేటాని శ్మశానానికి తీసుకెళ్లిన రోజు నేను వెండెల్ ప్రూయిట్ మూడు చక్రాల మోటారుసైకిలు మీద వెనక సీట్లో కూర్చున్నాను. నాకు అప్పగించిన పని ఒక్కటే. నా కుడి మోకాలి పక్కన, ఆయిల్ ట్యాంకు మూతకి బిగించిన చిన్న మీటరు చూస్తూ ముల్లు ఎక్కడుందో చెబుతూ ఉండడం. వెండెల్‌కి మెడ అంత కిందికి వంగదు. డెబ్బై రెండేళ్ల మనిషి. రాగి గని మెషిన్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు బలహీనపడ్డాక బండి అమ్మేస్తాడని అందరం అనుకున్నాం. ఆయన మాత్రం వెనక రెండు చక్రాలు వేయించుకుని మళ్లీ రోడ్డెక్కాడు.

ఆ ఇంజను పాతది. దానికి నీళ్ల ట్యాంకు లేదు, రేడియేటరు లేదు. ఎదురుగాలి, లోపల తిరిగే ఆయిలు, ఈ రెండే దాన్ని చల్లబరచాలి. మా అరిజోనాలో జులై గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇంక చెప్పక్కర్లేదు. మా జట్టులో పధ్నాలుగు బండ్లున్నాయి, అన్నీ అలాంటివే. వెండెల్ మా కెప్టెన్. ముల్లు రెండు వందల ఇరవై ఫారెన్‌హీట్ దగ్గరుంటే ఆయన మొహం ప్రశాంతంగా ఉండేది. రెండు వందల యాభై దాటితే మాటలు తగ్గేవి. రెండు వందల ఎనభై అంటే ఎవరున్నా ఏమన్నా బండి ఆపి దిగిపోవలసిందే. అంత వేడికి ఆయిలు నీళ్లలా పల్చబడి ఇనుముకీ ఇనుముకీ మధ్య నిలవదని, ఆ తర్వాత ఇంజను తనని తానే తినేస్తుందని చెప్పేవాడు. ఆయన మాట విని నేనూ నా బండి సిలిండర్ల రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టినీ పురుగుల్నీ నెలకోసారి బ్రష్షుతో శుభ్రం చేసుకునేదాన్ని.

ఫెర్మిన్ కూడా మా జట్టులోవాడే కానీ ఇవేవీ పట్టించుకునేవాడు కాదు. రెండు ఇంజన్లు కాల్చాడు. ప్రతిసారీ నవ్వుతూనే ఉన్నాడు. "ఒరేయ్, మీ ఆవిడ బతికున్నప్పుడు ఆవిడకి జ్వరమొస్తే ఇన్నిసార్లు చూశావట్రా?" అని వెండెల్‌ని ఏడిపించేవాడు. నలభై ఏళ్ల స్నేహం వాళ్లది. ఫెర్మిన్ కూతురికి బాప్తిస్మం ఇప్పించిన రోజు జ్ఞానతండ్రిగా బిడ్డని చేతుల్లో పట్టుకున్నది వెండెలే. అందుకే ఫెర్మిన్ భార్య ఎల్వీరా స్పానిష్‌లో ఆ వరసతో ఆయన్ని కొంపాద్రే అనేది, ఆయన ఆవిణ్ణి కొమాద్రే అనేవాడు. ఒకరినొకరు మీరు అనే పిలుచుకునేవారు.

జులై రెండో వారంలో ఆ స్నేహితులిద్దరే కొండ అవతలి ఊరికి వెళ్లి తిరిగి వస్తున్నారు. మా ఊరు ఇంకా అయిదు మైళ్లుందనగా ఫెర్మిన్ బండి రోడ్డు పక్కకి తీసి, స్టాండు వేసి, ఇసకలో కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు. గుండె. మాకందరికీ తెలిసింది అంతే. ఎక్కడా ఆగని మొండి మనిషి, నొప్పి వచ్చినా ఆగి ఉండడు, అలాగే నడుపుకుంటూ వచ్చేశాడు అనుకున్నాం. ఎల్వీరా కూడా అలాగే అనుకుంది. ఆవిడ ఏడుపులో దుఃఖం ఎంతుందో కోపమూ అంతే ఉంది.

రెండో రోజు ఆవిడ వెండెల్ షెడ్డుకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చర్చి నుంచి శ్మశానం దాకా రెండున్నర మైళ్లు, అందరూ నడిచి వస్తారట. శవపేటిక పెట్టిన అద్దాల బండిని వెండెల్ తన బండికి తగిలించి లాగాలట. నడక వేగంలో వెళ్తే ఇంజనుకి గాలి తగలదని, పైగా వెనక బరువు, చివర్లో ఎత్తు, మధ్యలో ఆగిపోతే పరువు పోతుందని వెండెల్ చెప్పాడు. ఎల్వీరా అంతా విని, "ఆయన్ని ఇంకెవరూ లాగకూడదు కొంపాద్రే" అంది. ఆయన తల వంచుకుని సరే అన్నాడు.

మూడు రోజులు ఆ బండి మీదే పడ్డాం. పాత ఆయిలు తీసేసి చిక్కటిది పోశాం. ముందు భాగంలో ఆయిల్ కూలరు బిగించి, దాని వెనక చిన్న కరెంటు ఫ్యాను పెట్టాం. బండి కదలకపోయినా ఆ ఫ్యాను గాలి లాగుతుంది. ఆ మూడు రోజులూ వెండెల్ నాతో పది మాటలకి మించి మాట్లాడలేదు. స్నేహితుడు పోయిన బాధ అనుకున్నాను. ఒకసారి బోల్టు బిగిస్తూ మధ్యలో ఆపేసి పానా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాఫీ తాగుతావా అని అడిగితే వినపడలేదు.

చర్చిలో పూజ ఎనిమిదింటికి మొదలైంది. బయల్దేరేసరికి తొమ్మిది. అప్పటికే ఎండ నూట మూడు ఫారెన్‌హీట్. మా జట్టు బండ్లన్నీ ఇంజన్లు ఆపేసి చర్చి దగ్గరే ఉండిపోయాయి, వాళ్లూ నడిచారు. ఎల్వీరా నల్ల బట్టల్లో, అద్దాల బండి వెనక కమ్మీ మీద చెయ్యి వేసి నడిచింది. ఆవిడ చెయ్యి తీయలేదు.

మొదటి మైలు దాకా అంతా బాగానే ఉంది. రెండు వందల పదిహేను అన్నాను. రెండు వందల ముప్పై అన్నాను. మూసేసిన రాగి కరిగించే ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఎత్తెక్కడం మొదలైంది. అక్కడ ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, ఫ్యాను చప్పుడు వినిపించడం లేదు.

"రెండు వందల అరవై" అన్నాను.

ఇంజను వేడి జీన్సులోంచి నా కాళ్లకి తగులుతోంది.

"డెబ్బై రెండు. వెండెల్, ఫ్యాను ఆగిపోయింది."

ఆయన చేతులు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. బండిని ముప్పై మైళ్ల వేగంతో ఒక్క రెండు నిమిషాలు పరిగెత్తిస్తే చాలు, గాలి తగిలి ముల్లు దిగుతుంది. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ వెనక కమ్మీ మీద ఆవిడ చెయ్యి ఉంది. ఆయన అద్దంలో ఒకసారి చూశాడు. రెండు వందల ఎనభై రెండు అని నేననేలోపే ఇంజను ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో వెనక రెండు వందల మంది ఆగారు. వెండెల్ దిగి, చేతికర్ర మీద బరువు వేసి ఎల్వీరా దగ్గరికి నడిచాడు. నేనూ దిగి వెళ్లాను, పడిపోతాడేమోనని. ఎంతసేపు పడుతుందని ఆవిడ అడిగింది. ముప్పావు గంట అన్నాడు. ఆవిడ మేనల్లుడు రేముండో ముందుకొచ్చి, తన పికప్పుకి తగిలించి లాగేస్తానన్నాడు. లాగనివ్వండి కొమాద్రే అని వెండెల్ కూడా అన్నాడు.

"వద్దు" అంది ఎల్వీరా. "పెళ్లయినప్పట్నుంచీ చెప్పాను, కాసేపు ఆగు, కాసేపు ఆగు అని. ఒక్క రోజు వినలేదు. చచ్చిపోతూ కూడా ఆగలేదు. ఇప్పుడైనా ఆగనివ్వండి."

రేముండో వెనక్కి తగ్గాడు. గొడుగులు తెరుచుకున్నాయి. ఎవరో ముసలివాళ్లకి నీళ్ల సీసాలు పంచుతున్నారు. వెండెల్ మాత్రం అక్కడే నిలబడ్డాడు.

"కొమాద్రే, ఆ రోజు వాడు ఆగుదామన్నాడు."

ఆవిడ తల తిప్పి చూసింది.

"క్రాస్ రోడ్డు దగ్గర పెట్రోలు బంకుంది కదా, అక్కడ. బండి నా పక్కకి తెచ్చి, చెయ్యి లాగుతోందిరా, కాసేపు ఆగుదాం అన్నాడు. నా మీటరు రెండు వందల నలభై దగ్గరుంది. ఆగితే ఇంకా ఎక్కుతుంది, కదిలితేనే గాలి, పధ్నాలుగు మైళ్లేగా పద అన్నాను. వాడు సరే అన్నాడు." కాస్త ఆగి, "నేను వాడి మొహం చూడలేదు. మీటరు చూశాను" అన్నాడు.

చుట్టుపక్కల విన్నవాళ్లు నలుగురైదుగురు ఉంటారు, ఎవరూ కదల్లేదు.

"ఆగుదామన్నాడా?" అంది ఎల్వీరా.

"అన్నాడు."

"ఫెర్మిన్ అన్నాడా?"

వెండెల్ తల ఊపాడు. ఆవిడ అద్దాల బండి దగ్గరికి వెళ్లి, అద్దానికి నుదురు ఆనించి, స్పానిష్‌లో చాలాసేపు ఏదో చెప్పింది. చివర్లో ఒక్క ముక్క నాకు అర్థమైంది. క్షమించమని అడుగుతోంది. భర్త మీద వారం రోజులుగా పెంచుకున్న కోపానికి.

నేను బండి ముందు వంగి ఫ్యాను చూశాను. అదురుకి ఒక వైరు ఊడింది. వేళ్లు కాలుతుంటే చేతిరుమాలు చుట్టుకుని నొక్కి పెట్టాను. ఫ్యాను తిరిగింది. ఇంజను ఆపాక కూడా వేడి ఇంకాస్త ఎక్కి, ఆ తర్వాతే దిగడం మొదలుపెట్టింది. రెండు వందల దగ్గరికి వచ్చిందని చెప్పాను. ఎల్వీరా కమ్మీ మీద మళ్లీ చెయ్యి వేసి, ఎవరి వైపూ చూడకుండా, పదండి అంది. శ్మశానం దాకా ఇంక ఎక్కడా ఆగలేదు.

శ్మశానం నుంచి వచ్చాక భోజనాల దగ్గర ఆవిడ వెండెల్ పక్కనుంచే వెళ్లింది, పలకరించలేదు. ఆయన పళ్లెంలో బీన్స్ అలాగే ఉండిపోయాయి. మర్నాడు నాకు ఫోన్ చేసి, కెప్టెన్‌గా ఇక ఉండనని, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాడు. బండికి గుడ్డ కప్పేశాడు. డాక్టరుని అడుగుదాం, అక్కడ ఆగినా బతికేవాడు కాదేమో అని నేనన్నాను. అడగనన్నాడు. "ఏం చెప్పినా నేను అన్నది అన్నదే కదా డార్లీన్" అన్నాడు. ఆ వేసవంతా అలాగే గడిచింది.

సెప్టెంబరు చివర్లో ఒక ఉదయం ఎల్వీరా తన కారులో ఆయనింటికి వచ్చింది. ఈ ముక్కలు నాకు తర్వాత వెండెలే చెప్పాడు. లోపలికి రాకుండా, ఆ చోటు చూపించమని అడిగిందట. క్రాస్ రోడ్డు దగ్గర దిగాక, ఆయన ఎక్కడున్నాడు, మీరెక్కడున్నారు, సరిగ్గా ఏ మాట అన్నాడు అని ఒక్కొక్కటీ అడిగింది. వెండెల్ ఒక్కొక్కటీ చెప్పాడు. నవ్వుతూ అన్నాడా అని అడిగిందట. లేదు, నవ్వలేదు అన్నాడు వెండెల్. బంకు ముందు రేకు కప్పు కింద ఒక బల్ల ఉంది. ఆవిడ వెళ్లి దాని మీద కూర్చుంది. లోపలికెళ్లి చల్లటి సోడాలు రెండు తెచ్చి ఒకటి ఆయనకి ఇచ్చింది.

అరగంట తర్వాత అడిగిందట, జట్టుకి ఇప్పుడు కెప్టెన్ ఎవరని. ఎవరూ లేరన్నాడు.

"మళ్లీ మీరే ఉండండి."

"నేనా కొమాద్రే? నేనెలా ఉంటాను?"

"ఇకమీదట మీరు ప్రతివాణ్ణీ ఎలా ఉందని అడుగుతారు. ఇంకొకడికి అడగాలని తోచదు" అంది. ఆ తర్వాత లేచి కారు తాళాలు తీసుకుందట. క్షమించానని అనలేదు. ఆయనా అడగలేదు.

నవంబరులో, ఎండ తగ్గాక, మా మొదటి ప్రయాణం. బయల్దేరే ముందు వెండెల్ చేతికర్రతో వరస చివరి దాకా నడిచి, ఒక్కొక్కరి ముందూ నిలబడి, పేరు పెట్టి పిలిచి, మొహంలోకి చూసి ఎలా ఉన్నావని అడిగాడు. ఫెర్మిన్ బండి ఉండే పధ్నాలుగో చోట ఇప్పుడు రేముండో బండి; దాని వెనక సీట్లో, కొత్త హెల్మెట్ పెట్టుకుని ఎల్వీరా కూర్చుని ఉంది. ఆవిణ్ణీ అడిగాడు. బాగానే ఉన్నాను కొంపాద్రే అంది.

పాతిక మైళ్ల తర్వాత ఆపాడు. ముల్లు రెండు వందలు కూడా దాటలేదు. నన్ను అడిగితే, నడుము కొంచెం పట్టేసిందని ఉన్నమాట చెప్పాను. అందరం దిగి, నా నొప్పి తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం.