కొన్న సినిమా

కుళ్లాయప్ప నల్ల కేబులును పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో కొత్త తీగ చివర ఒలుస్తున్నాడు. ఒక కాలు నిచ్చెన పైమెట్టు మీద, ఇంకో కాలు స్తంభానికి కొట్టిన ఇనుప కడ్డీ మీద ఉన్నాయి. పెనుకొండ ఎండ చొక్కాను వీపుకు అతికించేసింది. కింద బజారులో ఆటోవాడు హారన్ కొట్టినప్పుడల్లా, కేబులు నోట్లో ఉండగానే వాడిని తిడుతున్నాడు. మాట బయటికి రావడం లేదు. గుర్రుమనే శబ్దం మాత్రం వస్తోంది.

యాభై దాటిన మనిషి. పొట్టి, బక్కపలచన. మోచేతుల దాకా ఎండకు మాడిన నలుపు, అక్కణ్నుంచి భుజాల దాకా వేరే మనిషి రంగు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు ఊడిపోయి మళ్లీ వంకరగా మొలిచింది. కనుబొమల మధ్య నిలువుగా ఒక గీత ఉంది, అది నిద్రలో కూడా చెరగదని భార్య నీలావతి అంటుంది. మొగుడు ఇంట్లో ఉంటే పొయ్యి ముట్టించే పని లేదని పక్కింటివాళ్లతో నవ్వుతూ చెబుతుంది కూడా.

ఒకప్పుడు ఆ గీత లేదు. హిందూపురం బస్టాండు వెనక సందులో అతనికి సీడీల అంగడి ఉండేది. గోడల నిండా సినిమాలే. శనివారం సాయంత్రం లేపాక్షి నుంచి, సోమందేపల్లి నుంచి జనం వచ్చి నిలబడేవాళ్లు. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో మొహం చూసి తీసిచ్చేవాడు. కంపెనీ సీడీలు కొనేవాడు, వాటితో పాటు దొంగ కాపీలూ పెట్టేవాడు. ఆ రోజుల్లో పెట్టని అంగడి లేదు.

ఒకరోజు పోలీసు జీపు వచ్చి ఆగింది. దొంగవీ మంచివీ ఏరలేదు, గోడల మీదివన్నీ ఊడ్చి రోడ్డు మీద కుప్ప పోశారు. "ఇవి కంపెనీవి సార్, దుడ్లు పెట్టి కొన్నా, బిల్లుండాది" అని కుళ్లాయప్ప గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు. కుప్ప మీద లారీ ఎక్కించి దించారు. మర్నాడు పేపర్లో అతని బొమ్మ పడింది, కింద దొంగ అని రాశారు. ఆ పేపరును అతని నాయన టీ అంగట్లో చూశాడు. ఇంటికొచ్చి పంచె మార్చుకుని పడుకున్నాడు. చచ్చిపోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు.

ఇప్పుడు కుళ్లాయప్ప జయప్రకాష్ దగ్గర కేబుల్ పని చేస్తున్నాడు. ఏ తీగ వచ్చి సీడీ అంగళ్లను మింగిందో ఆ తీగనే ఇంటింటికీ లాగి, టీవీకి తగిలించి, "అన్ని సినిమాలూ ఇందులోనే ఉండాయమ్మా" అని చెప్పి వస్తాడు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నోరు చేదవుతుంది.

జేబులో ఫోను మోగింది. జయప్రకాష్.

"ఏమప్పా, యాడుండావు?"

"స్తంభం మీద."

"పాండురంగశెట్టి ఇంట్లో నెట్టు రాలేదంట. పెద్దాయనకు అసలే బాగలేదు. పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. చూసి, అట్లే గోరంట్లకు పో. ఆడ కల్యాణమంటపంలో కనెక్షన్ ఇయ్యాల. ఈ పొద్దే కావాలంట."

శెట్టి ఇల్లు బజారులోనే. ముందు అంగడి, వెనక ఇల్లు. అంగడి తలుపులు మూసి ఉన్నాయి. కుళ్లాయప్ప నిచ్చెనను గోడకు ఆనించి లోపలికి వెళ్లాడు. నడవలో టీవీకి ఎదురుగా మంచం వేశారు. దాని మీద పాండురంగశెట్టి పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు గల్లాపెట్టె వెనక నిండుగా కూర్చునే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఏమీ లేనట్టుంది. బుగ్గలు లోపలికి పోయి, ముక్కు పొడుగ్గా కనిపిస్తోంది. బెంగళూరు ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. భార్య కమలాక్షి పక్కన కూర్చుని దూదిని నీళ్లలో ముంచి పెదాలకు అద్దుతోంది.

కుళ్లాయప్ప నెట్టు పెట్టె చూశాడు, తీగ చూశాడు, టీవీలో వార్తలు పెట్టి చూశాడు.

"నెట్టు బాగుండాది కదప్పా రమేషూ."

శెట్టి కొడుకు రమేష్ చేతిలో రిమోట్‌తో నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. "అయితే సినిమా యాడికి పోయింది? పోయిన వారం కూడా చూసినాడు నాయన. ఇప్పుడు పేరు కొడితే అట్లాంటిది లేదంటాది."

"ఏం సినిమా?"

కమలాక్షి తలెత్తింది. "మా మామ ఉండే సినిమా అప్పా."

కుళ్లాయప్పకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఈ బజారులోనే షూటింగ్ జరిగిన సినిమా. ఆడలేదు. అందులో హీరో పరిగెత్తుతూ ఒక అంగడి ముందున్న శనక్కాయల మూటను తన్నేస్తాడు. ఆ అంగడి శెట్టి నాయనది. అది సినిమా అని ఆయనకు తెలియదు. చెయ్యెత్తి, పంచె ఎగ్గట్టి, తిడుతూ హీరో వెంట పడతాడు. తీసినవాళ్లు దాన్ని అట్లే ఉంచేశారు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆ పెద్దాయన జన్మలో ఒక్క ఫోటో దిగలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పాత అంగడీ పోయింది. ఆయన ఈ లోకంలో కనిపించేది ఆ సినిమాలో మాత్రమే.

"సీడీ ఉండాల కదమ్మా? నా అంగట్లోనే కదా శెట్టి కొనింది?"

ఆమె కొడుకు వైపు చూసింది. రమేష్ తల దించుకున్నాడు.

"ఇంటికి రంగులేసినప్పుడు పాతసామానోనికి ఏసినా. ఏంటికంటే ఈ టీవీ యాప్‌లో కొన్నా కదా! అద్దెకు కాదన్నా, కొన్నా. చూడు, కొనండి అని ఉంటే అదే నొక్కినా."

అతను ఫోన్లో ఆ యాప్‌వాళ్ల కస్టమర్ కేర్ నంబరు కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాడు. పాట వచ్చింది. చాలాసేపు పాటే వచ్చింది. తర్వాత ఒక అమ్మాయి తీయగా మాట్లాడింది.

"ఆ చిత్రానికి సంబంధించిన ఒప్పందం గడువు ముగిసింది సార్. అందువల్ల తొలగించడం జరిగింది."

"నేను కొన్నా మేడమ్."

"మీరు కొన్నది చిత్రాన్ని కాదు సార్, చిత్రాన్ని చూసే అవకాశాన్ని. నిబంధనల్లో ఉంది సార్."

కుళ్లాయప్ప ఫోను లాక్కున్నాడు. కణతల దగ్గర నరాలు పైకి తేలాయి.

"ఏమ్మా, అట్లయితే కొనండి అని ఏంటికి రాసినారు? అంగట్లో బియ్యం కొన్నోని ఇంటికి పోయి, వండిన అన్నం ఎత్తుకొస్తారా? మేము అమ్మితే దొంగలని బొమ్మలేసిరి. అమ్మినదాన్ని మళ్లా ఎత్తుకపోయినోళ్లను ఏమంటారమ్మా? వాళ్లను ఏసే లాకప్పు యాడుండాది?"

అటువైపు ఆ అమ్మాయి "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాను సార్" అంది. ఆ వెంటనే ఇంకో గొంతు, ఈ సంభాషణ మీకు తృప్తినిస్తే ఒకటి నొక్కమంది.

మంచం మీద శెట్టి కళ్లు తెరిచాడు. అతనికి సగం వినపడి ఉండాలి.

"దొరకలేదా?" అన్నాడు.

కుళ్లాయప్ప ఫోనును రమేష్ చేతిలో పెట్టి బయటికి నడిచాడు. బండి తీస్తుంటే మళ్లీ జయప్రకాష్ ఫోను.

"గోరంట్లకు బయలుదేరినావా?"

"హిందూపురం పోతాండా."

"హిందూపురంలో నీకేం పని?"

"సినిమా తేవాల."

"నీకేమైనా తిక్కా? మంటపమోళ్లు నన్ను చంపుతారు. పోకపోతే రేపట్నుంచి రావద్దు."

కుళ్లాయప్ప ఫోను స్విచాఫ్ చేశాడు.

హైవే మీద లారీల గాలికి చిన్న బండి పక్కకు ఊగుతోంది. సోమందేపల్లి దాటేదాకా ఎవరిని తిడుతున్నాడో అతనికే తెలియకుండా గట్టిగా తిడుతూనే ఉన్నాడు. రమేష్‌ను, ఆ తీయటి గొంతును, జీపును, లారీని తిట్టాడు. వాటన్నిటికన్నా గట్టిగా, గోడవైపు తిరిగి పడుకున్న నాయనను తిట్టాడు. ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా, ఏంరా, నిజమేనా అని. కొట్టి ఉన్నా బాగుండేది.

హిందూపురం ఇంట్లో నీలావతి బియ్యం ఏరుతోంది. మధ్యాహ్నం పూట మొగుణ్ని చూసి లేచి నిలబడింది.

"ఏమైంది? పడినావా యాడన్నా?"

"అటక మీద గోనెసంచి యాడ?"

"ఆ సీడీలా? ఎన్నిసార్లు పారేయమన్నా వినకపోతివి. ఇప్పుడేమొచ్చె?"

అంగడి పోయిన రోజు ఇంట్లో ఉండి మిగిలిన సంచి అది. కుళ్లాయప్ప దాన్ని నేల మీద కుమ్మరించాడు. దుమ్ము లేచింది. నీలావతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గొణుగుతూనే పక్కన కూర్చుని వెతికింది. ఎవరికోసమో, ఏంటికో అతను చెబుతుంటే గొణగడం ఆపింది. ఆ సినిమా ఆమె చేతికే దొరికింది. కొండ బొమ్మ వెలిసిపోయిన ప్లాస్టిక్ డబ్బా, లోపల ఆ పక్కొకటి ఈ పక్కొకటి రెండు సీడీలు. వాటిని చీర చెంగుతో తుడిచి, తను భక్తి పాటలు పెట్టుకునే ప్లేయరును కూడా టవల్లో చుట్టి ఇచ్చింది.

"బిన్నా పో, ఆలిస్యం చేయొద్దు" అంది.

అతను తిరిగి వచ్చేసరికి శెట్టి ఊపిరి గొంతు దగ్గర గరగరలాడుతోంది. రమేష్ టీవీని గోడ నుంచి జరిపి పట్టుకుంటే కుళ్లాయప్ప ఎరుపు, తెలుపు, పసుపు తీగలు వెనక గుచ్చాడు.

"మీ నాయన వచ్చేది రెండో సీడీలో కదా శెట్టీ. అదే ముందు పెడతా."

శెట్టి తల అడ్డంగా కదిలించాడు. కమలాక్షి చెవి అతని నోటి దగ్గర పెట్టింది. కానీ మాట కుళ్లాయప్పకు కూడా వినిపించింది.

"మొదట్నుంచి పెట్టప్పా. నాయన వస్తాడు, వస్తాడు అని ఎదురు చూడాల. అది బాగుంటాది."

కుళ్లాయప్పకు ఒళ్లు మండింది. ఈ ముసిలాయనకు ఇప్పుడు కూడా తీరుబడి కావాలా! రెండో సీడీ అతని చేతిలోనే ఉంది. పెట్టేసినా అడ్డుకునేవాళ్లు లేరు. శెట్టి అతని వైపే చూస్తున్నాడు, పిల్లవాడు మిఠాయి వైపు చూసినట్టు. కుళ్లాయప్ప దాన్ని డబ్బాలో పెట్టి మొదటిది ఎక్కించాడు.

సినిమా మొదలైంది. పెనుకొండ కొండ వచ్చింది, వెలిసిన రంగుల్లో. చెట్లు తక్కువ, ఇళ్లు ఇంకా తక్కువ. పేర్లు పడుతుంటే శెట్టి పెదాలు కదిలాయి. హాస్యగాడు బావిలో పడినప్పుడు గొంతులోంచి నవ్వులాంటిది వచ్చింది. కమలాక్షి కూడా నవ్వింది. రమేష్ మంచం కోడును ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత కుళ్లాయప్ప కూడా ఒక సినిమాను కదలకుండా కూర్చుని చూశాడు.

మొదటి సీడీ అయిపోయి తెర నీలంగా మారింది. కుళ్లాయప్ప లేచి, మార్చడానికి డబ్బా తెరిచాడు. వెనక గరగర వినిపించలేదు. తిరిగి చూశాడు. శెట్టి కళ్లు తెర మీదే ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కమలాక్షి అరచెయ్యి అతని ఛాతీ మీద పెట్టి, తీయకుండా అట్లే ఉంచింది.

"పోయినాడప్పా" అంది మెల్లగా.

రమేష్ తల మంచం పట్టెకు కొట్టుకుంటూ, "నేనే పారేస్తి, నేనే పారేస్తి" అని ఏడ్చాడు. కుళ్లాయప్ప అతణ్ని తిట్టాలని నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. వంగి అతని భుజం పట్టుకుని లేపాడు.

ఇరుగుపొరుగు రావడం మొదలైంది. ఎవరో టీవీ ఆపేశారు. మంచాన్ని జరిపారు. వాకిట్లో కుళ్లాయప్ప ఫోను మళ్లీ ఆన్ చేయగానే మోగింది.

"నా నిచ్చెనా పనిముట్ల సంచీ ఇచ్చేసి పో" అన్నాడు జయప్రకాష్.

"నీ నిచ్చెన శెట్టి ఇంటి గోడకుండాది. వచ్చి తీసుకపో! నువ్వే ఎక్కు! ఇంటింటికీ పోయి అన్నీ దీంట్లోనే ఉండాయని నువ్వే చెప్పు, నీ నోటితో!"

వాకిట్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అతను కళ్లు తుడుచుకోలేదు. చెప్పులు వేసుకుంటుంటే కమలాక్షి గడప దాకా వచ్చింది.

"నీ ప్లేయరు మరిచిపోతాండావు, కుళ్లాయప్పా."

"ఉండనీమ్మా. సీడీలు కూడా మీవే. వాటిని ఎవడూ ఎనక్కి ఎత్తుకపోలేడు."

ఆమె వెనక, జనం కాళ్ల సందుల్లోంచి టీవీ బల్ల కనిపించింది. దాని మీద తెరిచిన ప్లాస్టిక్ డబ్బా. ఒక పక్క ఖాళీ. ఇంకో పక్క రెండో సీడీ, ఒక్క గీత కూడా లేకుండా, కిటికీ వెలుతురుకు మెరుస్తూ.