ఒటీలియా భుజం మీది సున్నా

పోర్చుగల్ తీరాన ఒల్యావ్ ఊరి చేపల మార్కెట్టులో తెల్లవారుజామున జనమంతా ముందు ఒటీలియా బల్ల దగ్గరే మూగేవాళ్లు. మార్కెట్టు దీపాల కింద పాత చేప కూడా కొత్తగా కనిపిస్తుంది. ఒటీలియా సున్నా వెలుగులో అలాంటి మాయలు సాగవు. ఆ సున్నా ఆమె ఎడమ భుజానికి జానెడు ఎత్తున, పళ్లెమంత గుండ్రంగా, పసుప్పచ్చ బల్బులు పేర్చి కట్టినట్టు వెలుగుతూ గాలిలో నిలబడి ఉండేది. ఆమె వంగితే తనూ వంగేది, నడిస్తే వెంట నడిచేది.

"అక్కా, ఓసారి ఇటు తిరుగు, ఈ సార్డీన్ చేపల కళ్లు చూసుకోవాలి" అనేవాళ్లు. ఒటీలియా తిరిగేది. పక్క బల్ల హెర్మీనియా కూడా తన సరుకు బేరానికి వచ్చినప్పుడు ఈమెని భుజం పట్టుకుని అటు లాక్కునేది. వీధి దీపం పోయిన రోజు ఇరుగుపొరుగువాళ్లు ఆమెని తోడు తీసుకుని నడిచేవాళ్లు. చర్చిలో ఫాదర్ మాత్రం పూజ వేళ ఆమెని వెనక బెంచీలో కూర్చోమన్నాడు, కొవ్వొత్తుల వైపు ఎవరూ చూడటం లేదని.

ఆ సున్నా ఎక్కడిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఒటీలియా పంతొమ్మిదో ఏట పోర్చుగల్ తరఫున యూరప్ దేశాల పాటల పోటీకి వెళ్లింది. పాడింది. ఆ తర్వాత ఒక్కో దేశం ఫోనులో మార్కులు చెప్పడం మొదలుపెట్టింది. చిట్టచివరి దేశం దాకా ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. పక్కనే ఉన్న స్పెయిన్ కూడా ఎత్తలేదు. మార్కుల బోర్డు మీద ఆమె దేశం పేరు ఎదురుగా వెలిగిన సున్నా, బోర్డు ఆర్పేశాక కూడా ఆరలేదు. మెల్లిగా ఊడి, హాలు దాటి వచ్చి ఆమె భుజం పక్కన నిలబడింది. విమానంలో దానికి వేరే టిక్కెట్టు అడగలేదు, అంతే అదృష్టం.

తప్పు ఎవరిదంటే దేశమంతా ఒకే మాట చెప్పేది, ఆమె పాటకి వాద్యబృందాన్ని నడిపిన వాల్దెమార్ మాస్టారు అలా చెప్పాడు కాబట్టి. ఆ రోజుల్లో ప్రతి దేశమూ తన వాద్యబృందాన్ని నడిపే మాస్టారుని తనే తెచ్చుకునేది. పాటకి ముందు ఆయన కెమెరాకి వంగి దణ్ణం పెట్టి, తాళం చూపే కర్ర ఎత్తేవాడు. పోటీలో ఏ పాటా మూడు నిమిషాలు దాటకూడదు. దాటితే పాటనే తీసేస్తారు. "ఆ పాట ఎంత కుదించినా మూడు నిమిషాల్లో ఇమడలేదు. అందుకే పాట నడక వేగం పెంచాం. వారం రోజులు నేర్పినా ఆ పిల్ల వల్ల కాలేదు, పాపం" అని మాస్టారు ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పుకున్నాడు. ఆ 'పాపం' అన్న మాట విన్నప్పుడల్లా ఒటీలియాకి అరికాలి మంట నెత్తికెక్కేది.

జరిగింది వేరు. ఒక చరణం తీసేశాక పాట హాయిగా సరిపోయింది. రిహార్సళ్లన్నీ ఆ నడకలోనే జరిగాయి. పోటీ ముందు రాత్రి హోటల్లో మాస్టారు ఆమె గది తలుపు తట్టాడు. ఆమె తీయలేదు. మర్నాడు స్టేజి మీద ఆయన ఆమెని చూసి నవ్వాడు, కర్ర ఎత్తాడు, పాటని గుర్రంలా తోలాడు. ఊపిరి పీల్చుకునే సందు లేక ఆమె మాటలు మింగింది, చివరికి ఏడ్చింది.

ఇదంతా ఆమె ఇంటికొచ్చి తండ్రి జసీంతుకి చెప్పింది. ఆయన ఊరి బ్యాండులో పెద్ద డప్పు వాయించేవాడు. ఒటీలియాకి పాట నడక నేర్పినదీ, వంటింటి బల్ల మీద వేళ్లతో తాళం వేసి పాడించినదీ ఆయనే. బ్యాండువాళ్లకి ఒకటే నియమం: కర్ర పట్టినవాడు ఎప్పుడూ తప్పు చేయడు. చేసినా అందరూ ఆయన వెంటే వెళ్లాలి. జసీంతు అంతా విని, "మాస్టారు అబద్ధం ఎందుకు చెప్తాడమ్మా" అన్నాడు. ఆ తర్వాత డప్పు ముట్టుకోలేదు. కూతురు తాళం తప్పిందన్న బాధతోనే కన్నుమూశాడు. సున్నాని ఒటీలియా ఎలాగో భరించింది కానీ ఇది మాత్రం భరించలేకపోయింది. ఆ రోజు నుంచి ఆమె పాడటం మానేసి, ఎదురుచూడటం మొదలుపెట్టింది.

చేప పొట్ట చీల్చేటప్పుడల్లా ఆమె కళ్ల ముందు ఒకే ముఖం ఉండేది. కత్తి పనితనం అందుకే అంత బాగుండేదని హెర్మీనియా వెక్కిరించేది.

ఆ పోటీ జరిగి ముప్పై ఏళ్లు దాటాక లిస్బన్ నుంచి టీవీ అమ్మాయి వచ్చింది. పేరు నొయేమియా. ఆ ఏడు పోటీకి ఎవరిని పంపాలో తేల్చే రాత్రి, మధ్యలో పాత జ్ఞాపకాల కార్యక్రమం ఒకటి పెడతారట. ఒటీలియా తన పాట పాడాలట. న్యాయనిర్ణేతల పెద్ద వాల్దెమార్ మాస్టారు వచ్చి ఆమెని దగ్గరికి తీసుకుంటారట. జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారట. "సున్నా కూడా కెమెరాలో బాగా వస్తుందండీ" అంది ఆ పిల్ల, కల్మషం లేకుండా.

చేపలు తరిగే చెయ్యి ఆపకుండానే ఒటీలియా రెండు కోరికలు కోరింది. ఇప్పటిలా రికార్డు చేసిన వాద్యం కాకుండా తమ ఊరి బ్యాండు వాయించాలి, మాస్టారే కర్ర పట్టాలి. తెర మూలన గడియారం నడుస్తూ ఉండాలి, చూసేవాళ్లందరికీ కనిపించాలి. నొయేమియాకి అది ముచ్చటగా తోచింది. కెమెరా అంటే చెవి కోసుకునే మాస్టారు వెంటనే ఒప్పుకున్నాడు.

అసలు కష్టం బ్యాండువాళ్లతో వచ్చింది. జసీంతు తర్వాత పెద్ద డప్పు అందుకున్నది హెర్మీనియా మొగుడు బెర్నార్దీను. కర్రని చూడొద్దు, నన్ను చూడండి అని ఒటీలియా అనేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మాస్టారు ముందుంటే ఆయన్ని చూడకుండా ఎలా, వదినా? మాకు వాయించడం రాదనుకుంటారు."

"మా నాన్న నీకు డప్పు నేర్పాడు. ఆయన పోయినా ఆయన నడక నీ చేతిలో ఉంది. అది వాయిస్తావా, ఆ కర్రకి ఊడిగం చేస్తావా, తేల్చుకో."

బెర్నార్దీను డప్పు ఎత్తుకుని వెళ్లిపోయాడు. తేల్చుకున్నాడో లేదో లిస్బన్‌లో పాట మొదలయ్యేదాకా ఆమెకి తెలియలేదు.

కార్యక్రమం రాత్రి మాస్టారు నెరిసిన జుట్టు దువ్వుకుని వచ్చి, ఒటీలియాని కౌగిలించుకోబోయి, సున్నా అడ్డొచ్చి ఆగిపోయాడు. జనం నవ్వారు. ఆయన కెమెరాకి వంగి దణ్ణం పెట్టాడు. అప్పుడు ఒటీలియా మైకులో, దేశమంతా వినేలా, మెల్లిగా అడిగింది.

"మాస్టారూ, మనం కుదించిన ఈ పాటని దాని అసలు నడకలో నడిపించండి. మూడు నిమిషాలు దాటితే తప్పు నాదే."

"దాటుతుందమ్మా. ఎన్నిసార్లు చెప్పాను?"

"దాటనివ్వండి. అందరూ చూస్తారు."

కాదనడానికి ఆయనకి దారి లేదు. గడియారం మొదలైంది. కర్ర ఎత్తాడు, దించాడు, ఆ దించడంలోనే ఒటీలియాకి అర్థమైపోయింది. ఈసారి పాటని ఈడుస్తున్నాడు. అప్పటి పోటీలో తోలినవాడే ఇప్పుడు గడియారం దాటించాలని పాటకి బరువు కట్టి లాగుతున్నాడు. ఆమె బెర్నార్దీను వైపు చూసింది. అతను చెమటలు కక్కుతూ కర్రనే చూస్తున్నాడు. అంతలో ఆమె పాదంతో నేలని తట్టింది, తండ్రి వేళ్లతో బల్ల తట్టినట్టు. బెర్నార్దీను కళ్లు మూసుకున్నాడు. డప్పు మోగింది, మాస్టారి కర్ర కంటే ముందు. బాకాలవాళ్లు ఒకరినొకరు చూసుకుని డప్పు వెంట వెళ్లారు.

ఒటీలియా పాడింది. గొంతు అక్కడక్కడా తుప్పు పట్టింది కానీ నడక తప్పలేదు. మాస్టారి చెయ్యి గింజుకుంది, స్టాండుని కర్రతో కొట్టింది, ఎవరూ చూడలేదు. ఆమె చివరి మాట విడిచిపెట్టేసరికి తెర మూలన గడియారం మూడు నిమిషాలకి ఇవతలే ఉంది. ఇంకో ఊపిరి తీసుకునేంత మిగిలింది. బ్యాండు ఆగింది. మాస్టారి చెయ్యి మాత్రం ఇంకా ఒక చరణం వెనక ఉండి, గాలిలో ఎవరికోసమో ఊగుతూ ఉంది. కెమెరాలన్నీ ఆ చేతినే చూపించాయి.

జనంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాట ఎవరి వల్ల చెడిందో ఆ లెక్క అందరికీ తెలిసిపోయింది. సున్నా ఒటీలియా భుజం పక్కనుంచి కదిలి, స్టేజి దాటి వెళ్లి, మాస్టారి ఎడమ భుజానికి జానెడు ఎత్తున నిలబడింది. నొయేమియా కెమెరామనిషిని కాస్త వెనక్కి జరగమంది, వెలుగు ఎక్కువైందని. ఒటీలియాకి జాలి వేయలేదు. వేస్తుందేమోనని కాసేపు చూసుకుంది కూడా. కడుపు నిండా సంతోషమే.

ఆ తర్వాత చీకటి హాళ్లలో మాస్టారు కర్ర ఎత్తితే వాయించేవాళ్లు ఆ వెలుగునే చూసి నడక మరిచిపోయేవారు. ఆయన్ని పిలవడం తగ్గించారు, తర్వాత మానేశారు. న్యాయనిర్ణేతల పెద్ద కుర్చీ ఇంకొకరికి వెళ్లింది.

ఒక మధ్యాహ్నం, మార్కెట్టు కట్టేసి ఒటీలియా ఇంటికొచ్చాక, ఫోను మోగింది. గొంతు గుర్తుపట్టడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది. అంతలా అరిగిపోయింది.

"ఒటీలియా, ఒక్కటి చెప్పు తల్లీ. ఇది పక్కన వెలుగుతుంటే ఎలా నిద్రపోయేదానివి? గుడ్డ కప్పినా ఆగదు, కళ్లకి గంతలు కట్టినా లోపలికి వస్తుంది. నాకు కన్ను మూతపడటం లేదు."

"దానికో కిటుకు ఉంది మాస్టారూ" అంది ఒటీలియా.

అటువైపు ఆయన కాగితం వెతుక్కుంటున్న చప్పుడైంది.

"నాకు దొరకడానికి పదకొండేళ్లు పట్టింది" అని ఆమె ఫోను పెట్టేసింది. లేచి కిటికీ తలుపులు మూసింది. గది చీకటిగా అయింది. ఒటీలియా పడుకుంది.